ఇంటి టెలివిజనులో మన కేంద్రపు ప్రసారములు చూచు మార్గములు



2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. దానికి నాలుగు దినముల ముందు మా నాయనగారు మూడు ఎకరముల వరి కోయించి, పనలను చేనులోనే ఆరవేసియుండిరి. 3వ తేదీ ఉదయమునకే వాయుగుండము తుపానుగా మారినది. ఆ వార్తయు, కోసిన పంటను వెంటనే కుప్ప వేసికొనవలెనను సలహాయు టెలివిజనులో వచ్చుచునే యున్నవి. మా ఇంటిలో టెలివిజను కలదు. కాని కేబులు చందా గడువు ముగిసి పది దినములైనది. కోతల హడావిడిలో దానిని ఎవరును పట్టించుకొనలేదు. ఊరిలో వాన మాట చెప్పుకొనుచుండగా విని, నాలుగు చినుకులు పడి పోవునని తలచి నాయనగారు పనలను కదలింపలేదు. పదిమంది కూలీలు ఒక దినము పని చేసినచో కుప్పలు పడెడివి. పనలు నీటిలో నాని మొలకెత్తినవి.

నేను వ్యవసాయ కళాశాలలో శస్యశాస్త్రము బోధించువాడను. తడిసిన పనలపై లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన ద్రావణము చల్లినచో గింజ మొలకెత్తుట తగ్గునని ఏటేటా విద్యార్థులకు చెప్పుచుందును. ఇంటిలో టెలివిజను ఉన్నది గదా, చూచియుందురు అనుకొని నేను ఆ రెండు దినములు ఫోను చేయలేదు. పెట్టె ఇంటిలో ఉండుట వేరు, అవసరమైన నాడు దానిలో బొమ్మ వచ్చుట వేరు అని నాకు అప్పుడు తెలిసినది. తరువాత నేను మా ఇంటికి రెండవ మార్గము ఒకటి ఏర్పాటు చేసితిని. ఆ పనిలో తెలిసికొన్న విషయములను ఈ వ్యాసమున వివరించుచున్నాను.

టెలివిజను బొమ్మ ఇంటికి వచ్చు దారులు నాలుగైదు కలవు. ప్రతి దారికిని తెగిపోవు సమయము ఒకటి ఉన్నది. ఒకటి వానకు ఆగును, మరియొకటి గాలికి తెగును, ఇంకొకటి చందా కట్టనందున నిలిచిపోవును. కాబట్టి సేద్యము చేయు కుటుంబము ఒకే కారణముతో తెగిపోని రెండు దారులు ఉంచుకొనవలెను. ఇదియే ఈ వ్యాసములోని ముఖ్య విషయము.

మన కేంద్రములు

తెలుగు రైతు టెలివిజను చూచుట ఉపగ్రహముతోనే ఆరంభమైనది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఒక సంవత్సరము పాటు ఎ.టి.యస్.-6 అను అమెరికా ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారములు జరిగినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల దడికి వాడు తీగవలతో పది అడుగుల వెడల్పుగల పళ్లెములు కట్టి, ఊరిలో అందరును ఒక చోట కూర్చుండి తెలుగు కార్యక్రమములు చూచిరి. అప్పటికి హైదరాబాదులో టెలివిజను కేంద్రము లేదు.

హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరులో ఆరంభమైనది. నెల తిరుగకుండ, నవంబరు 19వ తేదీన, దివిసీమ ఉప్పెన వచ్చి పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. హైదరాబాదు టవరు ప్రసారము అంత దూరము అందునది కాదు. నేడు అట్టి ఇబ్బంది లేదు. ప్రసారము ప్రతి ఊరి మీదను పడుచున్నది. దానిని పట్టుకొను ఏర్పాటు ఇంటిలో సరిగా ఉన్నదా లేదా అనునదే ప్రశ్న.

2014లో రాష్ట్రము రెండైన తరువాత హైదరాబాదు కేంద్రపు చానెల్ డీడీ యాదగిరి అను పేరుతో తెలంగాణమునకు, విజయవాడ కేంద్రపు చానెల్ డీడీ సప్తగిరి అను పేరుతో ఆంధ్రప్రదేశ్‌నకు పనిచేయుచున్నవి. ప్రాంతీయ వార్తలు, వాతావరణ సమాచారము, వ్యవసాయ కార్యక్రమములు వీనిలో తెలుగులో వచ్చును. 2015 మే 26వ తేదీన ఆరంభమైన డీడీ కిసాన్ చానెల్ దేశమంతటికి సంబంధించినది. మీ జిల్లా వానను గూర్చి, మీ భాషలో వినవలెనన్నచో మీ రాష్ట్రపు కేంద్రమునే చూడవలెను.

పాత యాంటెన్నా

చేపముల్లు వలె నుండు అల్యూమినియము యాంటెన్నాలు ఇప్పటికిని కొన్ని మిద్దెల మీద కనిపించుచున్నవి. కొండల మీదను, పట్టణముల అంచులలోను ఉన్న దూరదర్శన్ టవర్ల నుండి వచ్చు ప్రసారమును అవి పట్టెడివి. 2022 నాటికి, సరిహద్దుల వంటి ముఖ్య ప్రదేశములలోని కొన్నింటిని మినహాయించి, దేశములోని ఆ పాత అనలాగు టవర్లను ప్రసారభారతి మూసివేసినది. కాబట్టి మన పల్లెలలో ఆ యాంటెన్నాను బాగుచేయించుటకు డబ్బు ఖర్చు పెట్టవలదు. దాని గొట్టము తుప్పు పట్టక నిటారుగా ఉన్నచో డిష్షు బిగించుటకు ఉపయోగించుకొనవచ్చును.

కేబులు

కేబులు కలిగిన ఇంటికి మన కేంద్రము చూచుట సులభము. 1995వ సంవత్సరపు కేబులు టెలివిజను చట్టము ప్రకారము ప్రభుత్వము ప్రకటించిన దూరదర్శన్ చానెళ్లను ప్రతి కేబులు సంస్థయు తప్పక చూపవలెను. మీ పెట్టెలో సప్తగిరి గాని, యాదగిరి గాని కనబడనిచో అది లేదని అనుకొనవలదు. ఎన్నవ నంబరులో వచ్చుచున్నదో కేబులు వారిని అడిగి, ఆ నంబరును గోడ మీద పిల్లలు చెరపని చోట వ్రాసి పెట్టుకొనవలెను. మూడు నాలుగు వందల చానెళ్లలో దానిని వెదకు ఓపిక కోతల కాలమున ఎవరికిని ఉండదు.

కేబులునకు మరియొక ప్రయోజనము కలదు. అనేక పట్టణములలో కేబులు వారే స్వంతముగా ఒక లోకల్ చానెల్ నడుపుచుందురు. మార్కెట్టు యార్డులోని ధరలు, కాలువకు నీరు వదలు తేదీలు, కరెంటు కోత వేళలు వంటి ఊరి సంగతులు దానిలో అడుగు వరుసన నడచుచుండును. ఇట్టి చానెల్ ఆ కేబులు తీగలో తప్ప మరి ఏ డిష్షులోను రాదు. అది కావలెనన్నచో కేబులు ఉంచుకొనవలసినదే.

కేబులుతో వచ్చు చిక్కులు రెండు. మొదటిది చందా. గడువు ముగిసినచో తెర చీకటియగును. కుటుంబములో ఒకరు ఆ తేదీని గుర్తు పెట్టుకొని, రెండు దినముల ముందే కట్టవలెను. రెండవది తీగ. స్తంభము నుండి స్తంభమునకు, చెట్ల కొమ్మల మీదుగా వచ్చు తీగ ఈదురుగాలికి తెగును. కేబులు వారి కార్యాలయమున కరెంటు పోయి, వారి జనరేటరు ఆగినను ఊరంతటికిని ప్రసారము ఆగును.

చందా డిష్షు

ప్రైవేటు కంపెనీల డిష్షులు కూడ మన కేంద్రమును చూపును. వీనికిని నెల చందా కలదు. ఒక విషయము గుర్తింపవలెను. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ఉపగ్రహమును వాడుకొనుచున్నది. కాబట్టి ఆ డిష్షు తీగను ఊడదీసి ఉచిత పెట్టెకు తగిలించినంత మాత్రమున బొమ్మ సాధారణముగా రాదు. డిష్షు మీ స్వంతమైనదై, చందా మానుకొని యున్నచో, క్రింద చెప్పిన ప్రకారము దానిని త్రిప్పి ఉచిత ప్రసారమునకు వాడుకొనవచ్చును. క్రొత్త డిష్షు కొనవలసిన పని యుండదు.

ఉచిత డిష్షు

దూరదర్శన్ వారు 2004 డిసెంబరులో 33 చానెళ్లతో డీడీ డైరెక్ట్ ప్లస్ అను సేవను ఆరంభించిరి. నేడు దానిని డీడీ ఫ్రీ డిష్ అనుచున్నారు. దీనికి నెల చందా లేదు. డిష్షు, దాని ముందు ఉండు చిన్న గ్రాహకము, తీగ, పెట్టె కలిపి సుమారు 2,000 రూపాయలకు అటు ఇటుగా ఒక్కసారి ఖర్చు చేసిన చాలును. నా అభిప్రాయమున ప్రతి సేద్యగాని ఇంటిలోను ఇది ఒకటి ఉండదగినది. కేబులు ఉన్నవారు దీనిని రెండవ మార్గముగా ఉంచుకొనవచ్చును.

పెట్టె కొనునప్పుడు ఎంపెగ్-2, ఎంపెగ్-4 అను రెండు విధముల ప్రసారములను పట్టునదిగా చూచి కొనవలెను. పాత రకపు పెట్టె ఎంపెగ్-4 చానెళ్లను చూపజాలదు. కొన్ని క్రొత్త టెలివిజనులలో ఈ పెట్టె పని చేయు భాగము లోపలనే యుండును. అట్టివారికి డిష్షును తీగయు చాలును.

ఈ ప్రసారము జీశాట్-15 అను మన దేశపు ఉపగ్రహము నుండి వచ్చుచున్నది. దానిని 2015 నవంబరులో ప్రయోగించిరి. అది భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు 93.5 డిగ్రీల రేఖాంశమున ఉన్నది. భూమి ఒకసారి తిరుగు కాలములోనే అదియు ఒక చుట్టు తిరుగును గనుక మనకు ఆకాశములో ఒకే చోట నిలిచియున్నట్లు ఉండును. డిష్షును ఒకసారి సరిగా త్రిప్పి బిగించినచో మరల కదల్పవలసిన పని లేకుండుట ఇందువలననే.

డిష్షు ఏ దిక్కునకు ఉండవలెను?

ఉపగ్రహము మనకు ఆగ్నేయ మూలన ఉన్నది. ఇంటిలో పొయ్యి పెట్టు మూల ఏదో డిష్షు మొగము ఆ మూలకే అని గుర్తు పెట్టుకొనిన చాలును. తిరుపతిలో అది సరిగా ఆగ్నేయమునకే యుండును. హైదరాబాదు, విజయవాడ, ఆదిలాబాదులలో ఆగ్నేయము నుండి మూడు మొదలు ఏడు డిగ్రీలు దక్షిణమునకు జరుగును. విశాఖపట్టణము, శ్రీకాకుళములలో సుమారు పదునైదు డిగ్రీలు దక్షిణమునకు జరుగును.

ఎత్తు విషయము చూడుడు. నేల మట్టమును సున్నగాను, నడినెత్తిని 90 డిగ్రీలుగాను లెక్కించినచో ఉపగ్రహము ఆదిలాబాదున 61, హైదరాబాదున 63, విజయవాడ, విశాఖపట్టణములలో 66, తిరుపతిలో 67 డిగ్రీల ఎత్తున ఉండును. అనగా చాల పైకి చూడవలెను. కాని మనము వాడు చిన్న డిష్షును చూచినచో అది అంత పైకి చూచుచున్నట్లు కనిపించదు. దాని గ్రాహకము నడిమిన గాక క్రింది వైపున ఉండునట్లు చేయబడినది గనుక, మొగము కనబడు దానికంటె సుమారు 20, 25 డిగ్రీలు పై నుండి వచ్చు తరంగములను అది పట్టును. ఇది తెలియక డిష్షును ఆకాశమునకు వెల్లకిల త్రిప్పి, బొమ్మ రాలేదని విసుగు చెందువారు కలరు. బిగింపు వద్ద ఎత్తు డిగ్రీల గుర్తులు ఉన్నచో మీ ప్రాంతపు అంకె మీద పెట్టి మొదలుపెట్టవలెను.

చెట్ల అడ్డు

ఈ తరంగములు ఆకుల గుబురును దాటి రాజాలవు. ఉపగ్రహము బాగుగ ఎత్తున ఉన్నందున దూరపు చెట్టు అడ్డు కాదు, దగ్గరి చెట్టు మాత్రమే అడ్డగును. ఆగ్నేయమున నున్న చెట్టు డిష్షు మట్టము కంటె ఎంత ఎత్తున్నదో, దానిలో సగము కంటె కొంచెము ఎక్కువ దూరము ఉన్నచో చాలును. ఉదాహరణకు, డిష్షు కంటె 40 అడుగులు ఎత్తుగల కొబ్బరిచెట్టు ఉన్నచో 25 అడుగుల దూరము వదలవలెను. నాటిన మొక్క పెరుగునని గుర్తింపవలెను. ఆగ్నేయ మూలన వేప మొక్క నాటి ప్రక్కనే డిష్షు బిగించినచో నాలుగేండ్లకు చిక్కు వచ్చును.

చెట్టు అడ్డము వచ్చునో రాదో తెలిసికొనుటకు సూర్యుని సాయము తీసికొనవచ్చును. సంవత్సరములో రెండు సార్లు సూర్యుడు సరిగా ఉపగ్రహమున్న చోటికి వచ్చును. మన రెండు రాష్ట్రములలోను మార్చి 13వ తేదీ ప్రాంతమున ఉదయము సుమారు 11 గంటల 15 నిమిషములకు, హస్త కార్తె మొదటి వారమున, అనగా అక్టోబరు 1వ తేదీ ప్రాంతమున, సుమారు 11 గంటలకు ఇట్లు జరుగును. ఆ సమయమున డిష్షు బిగింపదలచిన చోట నిలిచి చూడుడు. అక్కడ ఎండ పడుచున్నచో అడ్డు లేదు. నీడ పడుచున్నచో స్థలము మార్చవలెను. ఆ దినములలోనే ఆ వేళకు కొన్ని నిమిషములు బొమ్మ చెదరుట సహజము. సూర్యుని తాపము వలన కలుగు సందడి ఉపగ్రహపు ధ్వనిని మింగివేయును. పెట్టె చెడినదని భయపడవలసిన పని లేదు.

బిగించు విధము

మొదట గొట్టము నిటారుగా ఉండవలెను. తాపీమేస్త్రి గోడకు పట్టు గుండు దారమును రెండు వైపుల పట్టి చూడవలెను. గొట్టము ఒరిగియున్నచో డిష్షు మీది డిగ్రీల గుర్తులు తప్పు చెప్పును. రేకుల మీదను, పెంకుల మీదను కంటె కాంక్రీటు పిట్టగోడకు గాని, నేలలో పాతిన స్తంభమునకు గాని బిగించుట మేలు.

తరువాత పెట్టెను టెలివిజనునకు తగిలించి, రిమోటుతో ఉపగ్రహముల పట్టికలో 93.5 డిగ్రీలు తూర్పు అనునది ఎంచుకొనవలెను. కొన్ని పెట్టెలలో జీశాట్-15 అనియు, పాత పెట్టెలలో ఇన్శాట్-4బి అనియు ఉండును. గ్రాహకపు అంకె 9750/10600 అని యుండవలెను. అప్పుడు తెర మీద రెండు గీతలు కనబడును. ఒకటి బలము, రెండవది నాణ్యత. బలము గీత తీగయు గ్రాహకమును పని చేయుచున్నవని మాత్రమే తెలుపును. డిష్షు వేరొక వైపు చూచుచున్నను అది నిండుగనే కనబడవచ్చును. మీరు చూడవలసినది నాణ్యత గీతను.

ఒకరు తెర వద్ద నిలిచి చెప్పుచుండగా మరియొకరు డిష్షును ఆగ్నేయము నుండి కొద్దికొద్దిగా ప్రక్కకు త్రిప్పవలెను. త్రిప్పిన ప్రతి సారియు రెండు మూడు సెకండ్లు ఆగవలెను. నాణ్యత గీత లేచినచోట ఆపి, పైకి క్రిందికి సవరింపవలెను. కడపట గ్రాహకమును దాని పట్టులోనే కొద్దిగా అటు ఇటు త్రిప్పి, గీత మిక్కిలి ఎక్కువగా ఉన్నచోట బిగింపవలెను. తరువాత చానెళ్ల వెదుకుట మొదలుపెట్టినచో పెట్టెయే అన్నింటిని పట్టి నిలుపుకొనును.

మరలను గట్టిగా బిగించుట ముఖ్యము. రెండడుగుల డిష్షు అంచు వద్ద మూడవవంతు అంగుళము జరిగినచో దిక్కు సుమారు ఒకటిన్నర డిగ్రీ తప్పును. అంతటితో అందు శక్తి సగమునకు పడిపోవును. ఎండనాడు బొమ్మ వచ్చును గాని, మబ్బు పట్టిన నాడు పోవును. సరిగా పనిచేసిన దినముననే గొట్టము మీదను, బిగింపు మీదను ఒకే గీతగా రంగు పూసి ఉంచినచో, గాలివాన తరువాత కదలినదో లేదో చూచినంతనే తెలియును.

తీగ వంద అడుగులకు లోపుగా, నడుమ అతుకులు లేకుండ ఉండవలెను. గ్రాహకము వద్ద తీగను క్రిందికి ఒక వంపు తిప్పి ఉంచినచో వాననీరు ఆ వంపు నుండి కారిపోవును, లోపలికి పోదు. తీగను తగిలించునప్పుడును, తీయునప్పుడును పెట్టెకు కరెంటు ఆపవలెను. గొట్టమునకు ఎర్తు తీగ వేయవలెను. ఉరుములు వినబడినప్పుడు పెట్టె కరెంటు ప్లగ్గును, డిష్షు తీగను రెంటిని ఊడదీయవలెను. ఆ సమయమున మిద్దె ఎక్కరాదు.

ఈ సేవలో ప్రైవేటు చానెళ్లు వేలములో చోటు పొంది వచ్చుచు పోవుచు ఉండును. అందువలన చానెళ్ల స్థానములు మారుచుండును. మన కేంద్రము కనబడనిచో డిష్షు త్రిప్పుటకు ముందు పెట్టెలో చానెళ్లను మరల ఒకసారి వెదకింపవలెను. చాలమందికి ఆ పనితోనే బొమ్మ వచ్చును.

వానలో బొమ్మ ఏల పోవును?

డిష్షునకు వచ్చు తరంగపు పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. పెద్ద వానచినుకు కొన్ని మిల్లీమీటర్లుండును. ఇంత పొట్టి తరంగములను చినుకులు కొంత పీల్చుకొని, కొంత చెదరగొట్టును. చినుకు పెద్దదై, వాన దట్టమైన కొలది నష్టము పెరుగును. కుండపోతగా కురియునప్పుడు బొమ్మ ముక్కలుముక్కలై ఆగిపోవును. వాన తగ్గగానే దానంతట అదే వచ్చును. ఆ సమయమున డిష్షును కదలించినచో, వాన వెలిసిన తరువాతను బొమ్మ రాదు. దిక్కు సరిగా పెట్టి, నాణ్యత గీతను పూర్తిగా పెంచి ఉంచిన డిష్షు సామాన్యమైన వానకు తట్టుకొనును.

దీనినుండి గ్రహింపవలసినది ఏమనగా, తుపాను హెచ్చరిక వాన రాకముందే చూడవలెను. హెచ్చరికలు సాధారణముగా రెండు మూడు దినముల ముందే మొదలగును. అప్పుడు ఆకాశము నిర్మలముగా ఉండును, డిష్షు చక్కగా పనిచేయును, కుప్ప వేయుటకు కూలీలును దొరకుదురు.

సెల్ ఫోను

చేతి ఫోనులో ఇంటర్నెట్టు ఉన్నచో మన కేంద్రములను దానిలోను చూడవచ్చును. సప్తగిరి, యాదగిరి కేంద్రములకు యూట్యూబులో స్వంత చానెళ్లు కలవు. ప్రసారభారతి వారు 2024 నవంబరులో వేవ్స్ అను యాప్‌ను ఆరంభించిరి. దానిలోను దూరదర్శన్ చానెళ్లు వచ్చును. ఇంటర్నెట్టు కలిగిన టెలివిజను ఉన్నచో వీనినే పెద్ద తెర మీద చూడవచ్చును. మామూలు బొమ్మకు గంటకు సుమారు అర జీబీ డేటా ఖర్చగును. స్పష్టమైన బొమ్మ కావలెనన్నచో ఇంకను ఎక్కువ అగును.

ఫోనునకు ఒక గొప్ప సౌకర్యము కలదు. పగలు పొలములో ఉండి చూడలేకపోయిన కార్యక్రమము యూట్యూబులో ఉన్నచో రాత్రి చూచుకొనవచ్చును. మందు మోతాదు చెప్పినచోట ఆపి, వెనుకకు త్రిప్పి, కాగితము మీద వ్రాసికొనవచ్చును. కాని వాతావరణ వార్త చూచునప్పుడు అది ఏ తేదీదో మొదట చూడవలెను. నిరుటి తుపాను వార్తను నేటిదని తలచి కంగారుపడుటయు, నేటి హెచ్చరికను పాతదని కొట్టివేయుటయు రెండును నష్టమే.

పెద్ద గాలివానలో కరెంటు పోయి కొన్ని గంటలు గడచినచో ఫోను టవర్ల బ్యాటరీలును అయిపోవును. కాబట్టి ఫోను ఒక్కదానినే నమ్మి ఉండరాదు.

ఏ రెండు మార్గములు?

కేబులు చందాకును, తీగకును లోబడియున్నది. ఉచిత డిష్షునకు చందా లేదు, ఊరి తీగతో పని లేదు. కాని పెద్ద వానకు కొంతసేపు ఆగును. ఫోను వానకు అంతగా లొంగదు గాని, టవరు కరెంటును నమ్ముకొని యున్నది. ఈ విధముగా చూచినచో కేబులు ఉన్న ఇంటికి రెండవదిగా ఉచిత డిష్షు, కేబులు లేని ఇంటికి ఉచిత డిష్షును ఫోనును సరిపోవును. కేబులును చందా డిష్షును కలిపి పెట్టుకొనుట వలన ప్రయోజనము తక్కువ. రెంటికిని చందాయే కావలెను, డబ్బు చాలని నెలలో రెండును ఒకసారే ఆగును.

కరెంటు పోయినచో టెలివిజను ఏ దారిన వచ్చినను ఆగును. ఇన్వర్టరు ఉన్నవారు దానికి టెలివిజనును పెట్టెను కలుపుకొనవచ్చును. లేనివారు బ్యాటరీలతో పనిచేయు చిన్న రేడియో ఒకటి ఇంటిలో ఉంచుకొనుట అవసరము. తుపాను రాత్రి అన్నియు ఆగినప్పుడు ఆకాశవాణి వార్తలు దానిలో వినవచ్చును. టెలివిజనులో చెప్పిన సలహాలో సందేహము కలిగినచో కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 అను ఉచిత నంబరునకు ఫోను చేసి తెలుగులో అడిగి తెలిసికొనవచ్చును.

కార్తెల ప్రకారము చేయవలసిన పని

మృగశిర కార్తెకు ముందు, అనగా జూన్ మొదటి వారమున, విత్తనములు సిద్ధము చేసికొనునప్పుడే డిష్షు మరలు, గొట్టము, తీగ అతుకులు చూచుకొనవలెను. ఆగ్నేయమున పెరిగిన కొమ్మలను నరుకవలెను. గ్రాహకముపై పిచ్చుకలు, కందిరీగలు గూడు పెట్టినచో తొలగింపవలెను.

హస్త కార్తె మొదటి వారమున ఉదయము 11 గంటలకు డిష్షు మీద ఎండ పడుచున్నదో లేదో చూడవలెను. స్వాతి కార్తెకు ముందు, అనగా అక్టోబరు మూడవ వారమున, తుపానుల కాలమునకు సిద్ధముగా చానెళ్లను మరల వెదకింపవలెను. కేబులు గడువు తేదీ చూచుకొని, కోతలు పూర్తియగు వరకు సరిపోవునట్లు ముందే కట్టవలెను. రేడియోలో క్రొత్త బ్యాటరీలు వేయవలెను.

కోతకు కూలీలను పిలుచుటకు ముందు దినము రాత్రి ప్రాంతీయ వార్తలను, వాతావరణ సమాచారమును తప్పక చూడవలెను. పనలు చేనులో ఉన్నన్ని దినములు ప్రతి రాత్రియు చూడవలెను. ఇంటిలోని స్త్రీలకును, చదువుకొను పిల్లలకును మన కేంద్రము నంబరు, డిష్షు పెట్టె నడుపు విధము తెలియజెప్పవలెను. ఇంటి యజమాని పొలములో ఉన్నప్పుడు హెచ్చరిక వచ్చినచో వారే కబురు పంపగలరు.

మా నాయనగారి ఇంటిలో ఇప్పుడు కేబులుతో పాటు ఉచిత డిష్షు కూడ ఉన్నది. నేనును కోతల కాలమున ప్రతి రాత్రియు ఫోను చేసి, వాతావరణ వార్త చూచితిరా అని అడుగుచున్నాను. "నీకంటె ముందే చూచితినిరా" అని ఆయన చెప్పుచుండును. రైతు సోదరులు తమ ఇంటికి బొమ్మ ఏ దారిన వచ్చుచున్నదో ఒకసారి పరిశీలించి, రెండవ దారిని ఈ సంవత్సరము స్వాతి కార్తెకు ముందే ఏర్పరచుకొందురని ఆశించుచున్నాను.